మంచాన పడితే లక్షలు... మాత్రకు మాత్రం సొంత జేబే!

‘‘నాన్నకి పది లక్షల కార్డు ఉంది కదా, ఇంక మందుల ఖర్చేమిటి?’’

ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మాట వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు చాలామంది అనే మాట ఇది. ఇక్కడ పాల్వంచలోనో బూర్గంపాడులోనో ఉన్న ఆ నాన్నగారు నెలాఖరు వచ్చేసరికి బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటూ ఉంటారు. అడిగితే ‘బాగానే ఉన్నాగా’ అంటారు. కార్డు ఉన్న మాట నిజమే. దాని మీద పది లక్షల దాకా వైద్యం చేస్తారన్నదీ నిజమే. కాకపోతే ఆ కార్డు ఈ మాత్రకు పనికిరాదు. ఇంటింటా పెద్దవాళ్లున్న ఈ రోజుల్లో తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

మన దేశంలో ఆరోగ్య బీమా అంటే దాదాపుగా ఆసుపత్రి బీమా. మనిషి ఆసుపత్రిలో చేరాలి, మంచం ఎక్కాలి, అప్పుడే బీమా కదులుతుంది. ఇంట్లో కూర్చుని రోజూ వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె మాత్రలు దాని లెక్కలోకి రావు. నెలకు 1,500 రూపాయల మందులు వాడే ఇంట్లో ఏడాదికి 18,000 అవుతుంది. భార్యాభర్తలిద్దరూ వాడుతుంటే 36,000. తెలంగాణలో వృద్ధాప్య పింఛనును 2,016 రూపాయలకు పెంచింది 2019లో. అందులోంచి 1,500 మందుల షాపుకే పోతే ఇక కూరగాయలకు మిగిలేదెంత? అందుకే పెద్దవాళ్లు ఎవరికీ చెప్పకుండా మాత్రల్లో పొదుపు చేస్తారు.

ఆ పొదుపు ఎటు తీసుకెళుతుందో డాక్టర్లను అడగండి. బీపీ అదుపు తప్పితే పక్షవాతం రావచ్చు. షుగర్ అదుపు తప్పితే కిడ్నీకి, కంటికి, కాలికి ముప్పు. అప్పుడు ఆసుపత్రిలో చేరితే కార్డు పనిచేస్తుంది, లక్షలు ఖర్చుపెడుతుంది. కొద్ది రూపాయల మాత్రకు పైసా ఇవ్వని బీమా, ఆ మాత్ర మానేసినందుకు వచ్చిన జబ్బుకు మాత్రం లక్షలు ఇస్తుంది. పడిపోయిన చెయ్యి, కాలు మాత్రం ఏ కార్డూ తిరిగి తెచ్చివ్వదు. కాబట్టి బీమాను ఒక పద్దుగా, మందులను వేరే పద్దుగా చూసుకోవాలి. ఏది దేనికి పనికొస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

అమెరికాలో ఎలా?

పిల్లలు అక్కడున్నవాళ్లకు ఈ అయోమయం ఎక్కువ. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి ‘మెడికేర్’ ఉంటుంది. మొదట్లో అదీ మనలాగే ఆసుపత్రులు, డాక్టర్ల ఖర్చుకే ఉండేది. డాక్టరు రాసిచ్చే మందుల కోసం ‘పార్ట్ డి’ అని ప్రత్యేక బీమా 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నెలనెలా ప్రీమియం కడతారు. ఏ మందులు వర్తిస్తాయో కంపెనీ ఒక జాబితా ఇస్తుంది. ఆ జాబితాలోని మందులకు సొంతంగా పెట్టుకునే ఖర్చు 2025లో ఏడాదికి 2,000 డాలర్లు దాటకుండా కట్టడి చేశారు. 2026కు అది 2,100 డాలర్లు.

మన దగ్గర పెద్దవాళ్లందరికీ వర్తించే అలాంటి మందుల బీమా లేదు. అలాగని దారే లేదనుకోకూడదు. అక్కడ ఒక్కచోట దొరికేది ఇక్కడ నాలుగు చోట్ల ముక్కలుగా ఉంది, మనం ఏరి కూర్చుకోవాలి, అంతే. అన్నట్టు, పిల్లల్ని చూడటానికి విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకు ఆ మెడికేర్ వర్తించదు. పర్యాటకుల బీమా కొన్నా పాత జబ్బులకు రోజూ వేసుకునే మాత్రలు సాధారణంగా అందులోకి రావు. ఎన్ని రోజులకు సరిపడా మందులు వెంట తీసుకెళ్లవచ్చో ముందే కనుక్కుని, డాక్టరు చీటీతో సహా సర్దుకోవాల్సిందే.

ఆరోగ్యశ్రీ ఎక్కడిదాకా?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి పరిమితిని 10 లక్షలు చేశారు. గుండె, మెదడు, క్యాన్సర్, కిడ్నీ లాంటి పెద్ద జబ్బుల్లో పేదింటికి ఇది కొండంత అండ.

మందుల విషయంలో మాత్రం మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ చికిత్సకు వాడే మందులు ప్యాకేజీలోవే. ‘బయట కొనుక్కురండి’ అని చీటీ ఇస్తే అక్కడే ఆరోగ్యమిత్రను అడగాలి. రెండు, ఇంటికి పంపేటప్పుడు 10 రోజులకు సరిపడా మందులు ఇవ్వాలి. అడక్కుండా సంచి సర్దుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. మూడు, కొన్ని నిర్ణీత చికిత్సలకు ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఉచితంగా ఇచ్చే ‘ఫాలో అప్’ ప్యాకేజీలున్నాయి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే వీటిని ఇస్తారు. ‘మా కేసు అందులో ఉందా, మళ్లీ ఏ తేదీన రావాలి’ అని డిశ్చార్జి రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఖమ్మం దాకా బస్సు చార్జీ దండగ అనుకుని రెండో విడత మందులు వదిలేసుకునేవాళ్లున్నారు. ఆ మందులు బయట కొంటే ఎంతవుతుందో ఒక్కసారి లెక్క వేసుకోండి, చార్జీ ఏ మూలకూ కనిపించదు.

డెబ్బై దాటితే...

కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో తెలంగాణ 2021లో చేరింది. 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ‘వయ వందన’ కార్డును 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. ఆధార్‌లో ఉన్న వయసే దీనికి ఆధారం. ఒకే ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలనూ ఇద్దరూ కలిసి వాడుకోవాలి. నమోదు ఎక్కడో, మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో 14555కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ఇదీ ఆసుపత్రి బీమాయే. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు ప్యాకేజీలో భాగం. పదహారో రోజు నుంచి మళ్లీ మన జేబే.

పాలసీలో అరవై రోజుల సంగతి

పిల్లలు తల్లిదండ్రుల పేరిట కట్టే ప్రైవేటు పాలసీల్లో మందులకు డబ్బు వచ్చే చోటు ఒకటుంది. చాలామంది దాన్ని చేతులారా వదిలేసుకుంటున్నారు. సాధారణంగా ఈ పాలసీల్లో ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా ఉంటాయి. కొన్ని పాలసీల్లో ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. గుండెనొప్పితో ఒక పెద్దాయన ఏప్రిల్ 6న ఖమ్మంలో ఆసుపత్రిలో చేరి, 10న ఇంటికి వచ్చారు. ఆసుపత్రి బిల్లు నగదు రహితంగా కంపెనీయే కట్టేసింది. ఇంట్లోవాళ్లు అక్కడితో అయిపోయిందనుకున్నారు. నిజానికి మార్చి 7 నుంచి ఆ జబ్బు కోసమే చూపించుకున్న డాక్టరు ఫీజు, ఈసీజీ, మందులు కూడా అడగొచ్చు. ఏప్రిల్ 10 తర్వాత జూన్ 9 దాకా కొన్న గుండె మందుల బిల్లులూ అడగొచ్చు. నగదు రహితం ఆసుపత్రి బిల్లు వరకే. ముందూ వెనకా ఖర్చును మనమే జేబులోంచి పెట్టుకుని, బిల్లులు జతచేసి, తర్వాత కంపెనీని అడగాలి.

దీనికి కావలసినవి: డిశ్చార్జి కాగితం నకలు, డాక్టరు రాసిన చీటీ, రోగి పేరు, తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న అసలు బిల్లు. చిన్న ఊళ్లలో మందుల షాపులో బిల్లు అడగడం మొహమాటం. తెలిసినవాడే కదా అని తెల్లకాగితం మీద లెక్క వేయించుకొస్తాం. ఆ కాగితానికి కంపెనీ పైసా ఇవ్వదు. ఇంకో మెలిక ఏమిటంటే, ఏ జబ్బుతో చేరారో ఆ జబ్బు మందులకే డబ్బు వస్తుంది. గుండెకు చేరితే మోకాళ్ల నొప్పుల మాత్రల బిల్లు పక్కన పెట్టేస్తారు. బిల్లులు పంపే గడువు పాలసీ పత్రంలో ఉంటుంది. దాన్ని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఓపీ ఖర్చులు, రోజువారీ మందులు కూడా ఇస్తామని అదనపు ప్రీమియంతో అమ్మే పాలసీలున్నాయి. కొనేముందు కూడికలు, తీసివేతలు చేయండి. అదనంగా కట్టేది ఎంత, ఏడాదిలో గరిష్ఠంగా తిరిగి వచ్చేది ఎంత, ఏ షాపులో కొన్న మందులకు వర్తిస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాతలో వస్తేనే ముందుకెళ్లండి.

కొత్తగా కొనేవారికి

అరవై అయిదు దాటితే పాలసీ ఇవ్వరన్నది పాత మాట. 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు అడ్డును బీమా నియంత్రణ సంస్థ తీసేసింది. పాత జబ్బులకు నిరీక్షణ గడువు కూడా అప్పటినుంచే నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తమను సంప్రదించాలని 2025 జనవరిలో ఆ సంస్థ చెప్పింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు.

ఇన్ని మేళ్లున్నా మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటే: బీపీ, షుగర్ ఉన్నాయని దరఖాస్తులో దాచకండి. ‘రాయకపోతే ప్రీమియం తగ్గుతుంది’ అని ఏజెంటు చెప్పినా వినకండి. రేపు క్లెయిము తిరస్కరించేటప్పుడు ఆ ఏజెంటు మన పక్కన నిలబడడు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వాపసు ఇవ్వొచ్చు. ‘కో పే’ అన్న మాట ఎక్కడుందో వెతకండి. 20 శాతం అని ఉంటే లక్ష బిల్లులో 20,000 మనదే. క్లెయిము అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు తేలకపోతే హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

పింఛనుదార్లూ, పెట్టె తెరవండి

ఉద్యోగం చేసి రిటైరైన వారిలో కొందరికి నెలనెలా మందులు ఉచితంగా వచ్చే హక్కు ఉంటుంది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు కదా!

తెలంగాణ ప్రభుత్వ పింఛనుదార్లకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద వెల్‌నెస్ సెంటర్లున్నాయి. మొదటిది 2016 డిసెంబరులో హైదరాబాద్ ఖైరతాబాద్‌లో వచ్చింది. అక్కడ డాక్టరు చూసి దీర్ఘకాలిక జబ్బుల మందులు ఇస్తారు.

తపాలా శాఖ లాంటి కేంద్ర ప్రభుత్వ శాఖల్లో చేసి, సీజీహెచ్ఎస్ సదుపాయం లేని ఊళ్లో స్థిరపడినవారు పింఛనుతోపాటు నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం కోరుకోవచ్చు. 500 ఉన్న ఈ భత్యాన్ని 2017 జులై నుంచి వెయ్యి చేశారు. పింఛను స్లిప్పులో ఆ పద్దు కనిపిస్తోందా లేదా చూసుకోండి.

ఈఎస్ఐ కింద కనీసం అయిదేళ్లు పనిచేసి వయసు మీద పడి రిటైరైన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు, తనకూ భార్యకూ ఈఎస్ఐ వైద్యం, మందులు కొనసాగుతాయి. నెలకు పది రూపాయలకు ఇంతకన్నా మంచి మందుల బీమా ఎక్కడా దొరకదు. అయినా రిటైరైన రోజే కార్డు అవతల పారేసినవాళ్లు ఎంతమందో! మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు, సింగరేణిలో చేసినవారికి కంపెనీ రిటైర్మెంట్ వైద్య పథకం ఉన్నాయి. మీ పథకం ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుందా, రోజువారీ మందులకూ వర్తిస్తుందా అన్నది పాత ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

అసలు మాత్రలు ఎక్కడ?

ఏ పింఛనూ, ఏ పాలసీ లేనివారికి మొదటి చోటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. బీపీ, షుగర్ లాంటి జబ్బులకు 30 ఏళ్లు దాటిన అందరినీ పరీక్షించి, జబ్బున్నవారికి ఉచితంగా మాత్రలిచ్చే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. ఏఎన్ఎం దగ్గర ఆ జాబితాలో పేరు ఎక్కితే నెలకు సరిపడా మాత్రలు ఇస్తారు. ‘సర్కారు మాత్ర పనిచేయదు’ అని కొట్టిపారేయకుండా నెల రోజులు వేసుకుని బీపీ చూపించుకోండి. పనిచేస్తోందో లేదో యంత్రమే చెబుతుంది. కేంద్రంలో దొరకని ఒకటో రెండో మాత్రలే బయట కొనుక్కోవచ్చు.

రెండో చోటు జన ఔషధి దుకాణం. 2008లో మొదలైన ఈ పథకంలో బ్రాండు పేరు లేని మందులు బ్రాండెడ్ ధర కన్నా 50 నుంచి 80 శాతం తక్కువకు అమ్ముతారు. మామూలు షాపులో మనం అడిగేది కంపెనీ పేరు. ఇక్కడ అడగాల్సింది మందు పేరు: టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్, అటార్వాస్టాటిన్ ఇలా. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. డాక్టర్లు మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధనల్లో చేర్చారు. కాబట్టి ‘జనరిక్ పేరు రాయండి డాక్టరుగారూ’ అని అడగడం తప్పేమీ కాదు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉన్నా, ఇన్సులిన్, మూర్ఛ మందులు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా డాక్టరుకు చెప్పకుండా మాత్రం మార్చకండి.

గోదావరి పక్కన ఉన్నవాళ్లకు

భద్రాచలం చుట్టుపక్కల వారికి ఇంకో చిక్కుంది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఎటపాక నుంచి భద్రాచలం ఆసుపత్రి కూతవేటు దూరం. కార్డు మాత్రం వేరే రాష్ట్రానిది. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవి పల్లెల నుంచి కూడా రోగులు వస్తారు. రాష్ట్ర పథకం కార్డు ఆ రాష్ట్రం గుర్తించిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. ఆయుష్మాన్ కార్డు మాత్రం దేశంలో ఆ పథకంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లేలా పెట్టారు. సరిహద్దు పల్లెల్లో అర్హులైన పెద్దలు ఆ కార్డు తీసి ఉంచుకోవడం మంచిది. ఆపద వచ్చాక ఏ కార్డు ఎక్కడ పనిచేస్తుందని వెతకడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇక వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. చర్ల, దుమ్ముగూడెం వైపు వాగులు పొంగితే మాత్రల కోసం బయటికి వచ్చే దారి ఉండదు. కాబట్టి జూన్ నెలాఖరుకే డాక్టరుకు చెప్పి ఒక నెల మందులు అదనంగా తెచ్చి, నీళ్లు తగలని డబ్బాలో పెట్టుకోవాలి. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, తడి ఆరని మట్టికుండలో నీడన ఉంచితే చల్లగా ఉంటుంది.

ఈ ఆదివారం ఒక పని

పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలకు ఫోన్ చేసి ‘మందులు వేసుకుంటున్నారా’ అని అడిగితే వచ్చే జవాబు ‘ఆఁ, వేసుకుంటున్నాం’ అనే. ఇంటికి వెళ్లినప్పుడు మందుల డబ్బా దించి స్ట్రిప్పులు లెక్కపెట్టండి. ఇరవై రోజుల క్రితం కొన్న ముప్పై మాత్రల్లో ఇంకా పద్దెనిమిది ఉంటే సంగతి అర్థమైపోతుంది. గద్దించకండి, ఎందుకు మిగిలాయో మెల్లగా అడగండి. డబ్బు చాలకా, కొనడానికి వెళ్లేవాళ్లు లేకా, వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయా? ఒక్కోదానికి ఒక్కో మందుంది. మొదటిదానికి పైన చెప్పిన దారులున్నాయి. రెండోదానికి ఊళ్లో ఉన్న మేనల్లుడో, పక్కింటి కుర్రాడో, ఆశా కార్యకర్తో ఉన్నారు. మూడోదానికి డాక్టరు.

ఒక నోటుపుస్తకం తీసి ఎవరెవరు ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నారో, ఏది ఎక్కడ దొరుకుతుందో రాయండి. ఏ కార్డు నంబరు ఏమిటో, పాలసీ గడువు ఎప్పుడో పక్క పేజీలో రాయండి. ఆ పుస్తకాన్ని మందుల డబ్బా పక్కనే పెట్టండి. అర్ధరాత్రి ఆటో ఎక్కాల్సి వస్తే, పది లక్షల కార్డుతో పాటు అదీ చేతిలో ఉండాలి.